ముందు బూట్లు, ఆ తర్వాతే ఫియోర్డులు

ప్రశ్న: అక్కా, నమస్తే. మావారు కంపెనీ పని మీద ఆగస్టులో నార్వేలోని ఓస్లో వెళ్లారు, కాంట్రాక్టు ఏడాదిన్నర. ఇల్లు దొరికింది, ఫ్యామిలీ పర్మిట్ కూడా వచ్చేసింది. నేనూ పిల్లలూ (పాపకు ఏడేళ్లు, బాబుకు మూడు) అక్టోబర్ ఆఖరులో బయల్దేరుతున్నాం. వచ్చే వేసవిలో అత్తయ్యగారు వచ్చి రెండు నెలలుంటారు. ఆవిడ మాంసం, గుడ్డు ముట్టరు, పైగా మోకాళ్ల నొప్పులు. నవంబర్‌లోనే ట్రోమ్సో, లోఫోటెన్, బెర్గెన్ చుట్టేద్దామని మావారు లిస్టు రాసి పెట్టారు. నాకేమో చలి, చీకటి అంటేనే భయం. అక్కడ పిల్లల్ని గవర్నమెంటు తీసుకుపోతుందట కదా అని మా అమ్మకు టెన్షన్. ఏం తెచ్చుకోవాలి, పిల్లల చదువు ఎలా, ఏవి ఎప్పుడు చూడాలి, డబ్బంతా ఊడ్చుకుపోకుండా ఎలా? కాస్త చెప్పండి. – మియాపూర్ నుంచి ఒక చెల్లెలు

సమాధానం:

చెల్లెమ్మా, ముందు మీవారి లిస్టు తీసుకుని నెలలు మార్చండి. ఊళ్లు మంచివే, నెలే తప్పు. ఉత్తరాన ఉన్న ట్రోమ్సోలో నవంబర్ 27 దరిదాపుల్లో దిగిపోయిన సూర్యుడు మళ్లీ జనవరి 15 వరకు కనిపించడు. లోఫోటెన్ దీవుల్లో ఆ రోజుల్లో గాలివానకు పడవలు ఆగిపోవడం మామూలు. బెర్గెన్‌లో ఎప్పుడైనా వానే, నవంబర్‌లో ఇంకాస్త ఎక్కువ. వారం రోజులకు వచ్చిన టూరిస్టుకు వేరే దారి ఉండదు, ఏ నెలలో వస్తే ఆ నెలలోనే చూసుకుపోవాలి. మీకు ఏడాదికి పైగా టైముంది. నవంబర్ కాగితాలకు, డిసెంబర్ నుంచి ఓస్లో ఊరికి, ఫిబ్రవరి ఆఖరునో మార్చిలోనో ఉత్తరానికి, అత్తయ్యగారు వచ్చాక ఫియోర్డులకు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలకు). ఇలా పంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పిల్లలూ విసుక్కోరు.

కాగితాల సంగతి బోరు కొట్టినా వినాల్సిందే, ఎందుకంటే ఇక్కడ నార్వేలో ఒకదానికొకటి గొలుసుకట్టు. దిగిన ఏడు రోజుల్లోపు పోలీసుల దగ్గరికి వెళ్లి రెసిడెన్స్ కార్డుకు ఫొటో, వేలిముద్రలు ఇవ్వాలి. ఆ అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి మీరు ఇంకా హైదరాబాద్‌లో ఉండగానే మీవారిని బుక్ చేసి పెట్టమనండి. తర్వాత టాక్స్ ఆఫీసులో మీరు ముగ్గురూ స్వయంగా కనబడి గుర్తింపు తనిఖీ చేయించుకోవాలి, మూడేళ్లవాడు కూడా, అక్కడ ఎవరికీ మినహాయింపు లేదు. ఆరు నెలలకు పైగా ఉండేవాళ్లకు 11 అంకెల పర్సనల్ నంబరు ఇస్తారు. ఆ నంబరు ఉంటేనే బ్యాంకు ఖాతా, ఖాతా ఉంటేనే బ్యాంక్‌ఐడీ (ఆన్‌లైన్‌లో మనమేనని రుజువు చేసే గుర్తింపు), బ్యాంక్‌ఐడీ ఉంటేనే విప్స్ (మన ఫోన్‌పే లాంటిది), డాక్టరును ఎంచుకోవడం, చివరికి బడి నుంచి వచ్చిన ఉత్తరం తెరిచి చదవడం కూడా. మీవారికి ఇవన్నీ వచ్చేసి ఉంటాయి, కానీ మీ పేరు మీద మీకు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో చేతిలో ఇండియా ఫారెక్స్ కార్డు ఒకటి ఉంచుకోండి. ప్రతి పాల ప్యాకెట్‌కూ మొగుడి ఫోను కోసం ఎదురుచూడటం ఎంత చిరాకో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించి ఒరిజినల్స్ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకోండి, చెక్ఇన్ లగేజీలో వద్దు. ఓస్లోలో విదేశీ ఉద్యోగుల కోసం పోలీసు, టాక్స్ కౌంటర్లు ఒకే కప్పు కింద ఉండే కేంద్రం ఉంది, ఎస్‌యూఏ అంటారు. మీవారి కంపెనీ హెచ్‌ఆర్‌ను అడిగితే దారి చెబుతారు. అన్నట్టు, ఫ్యామిలీ పర్మిట్ మీద మీకు ఉద్యోగం చేసే హక్కు కూడా మామూలుగా ఉంటుంది, కార్డు రాగానే దాని మీద ఏం రాసి ఉందో చదువుకోండి. పిల్లలకు వచ్చే నెలవారీ భత్యం బార్నెట్రిగ్డ్‌కు నావ్ అనే సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. మీరు ఉండేది ఏడాది దాటుతుంది కాబట్టి అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇల్లు దొరికిందన్నారు. డిపాజిట్ డబ్బు ఇంటివాళ్ల సొంత ఖాతాలోకి వెళ్లిందా, లేక అద్దెకున్నవాళ్ల పేరు మీదే విడిగా తెరిచిన డిపాజిట్ ఖాతాలో ఉందా అని మీవారిని ఒక్కసారి అడగండి. రెండోదే చట్టం. మొదటిదైతే ఇప్పుడే సరిచేయించుకోవాలి, ఖాళీ చేసే రోజున కాదు.

ఇక సూట్‌కేసు. నెయ్యి, పాలకోవా, జున్ను, మాంసం పచ్చడి, ఇవేవీ తేకండి. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం సొంతానికి కూడా తీసుకురానివ్వరు, మీ అమ్మగారు ఎంత ప్రేమగా కాచి ఇచ్చినా కస్టమ్స్ డబ్బాలో పడుతుంది. ఇక్కడి ఉప్పు లేని వెన్న కొని ఇంట్లో కాచుకుంటే మంచి పూస నెయ్యి వస్తుంది, ఆ బెంగ వద్దు. ఆవకాయ, గోంగూర, కారప్పొడి, చింతపండు, ఇంట్లో కొట్టించిన సాంబారు పొడి, ఇవి తెచ్చుకోండి. కందిపప్పు, మినప్పప్పు, బియ్యం కిలోలకు కిలోలు మోయకండి, ఓస్లోలో గ్రోన్‌లాండ్ వైపు వెళ్తే పాకిస్తానీ, శ్రీలంక తమిళుల కొట్లలో పప్పులన్నీ, కరివేపాకు, మునక్కాడలు, అదృష్టం బాగుంటే సోనా మసూరీ దొరుకుతాయి. మిక్సీ తెచ్చుకోండి, కరెంటు మనలాగే 230 వోల్టులు, కాకపోతే లావు పిన్నుల ప్లగ్గు గోడలో దూరదు, అడాప్టరు కావాలి. కుక్కర్, పెనం అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చేవి అయి ఉండాలి. ఒట్టి అల్యూమినియం కుక్కర్ తెస్తే అటక మీద పెట్టుకోవడమే. పిల్లల మందులు, మీ మందులు డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. పళ్ల పని ఏదైనా ఉంటే విమానం ఎక్కకముందే కూకట్‌పల్లిలోనే కానిచ్చేయండి, ఇక్కడ పెద్దవాళ్లకు పళ్ల డాక్టరు ఖర్చు దాదాపు అంతా సొంత జేబులోంచే.

తాలింపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, నవ్వకండి. ఇక్కడ ప్రతి ఇంట్లో పొగను పట్టే అలారం ఉంటుంది, చాలా అపార్ట్‌మెంట్లలో అది బిల్డింగు మొత్తానికి కలిపి ఉంటుంది, కొన్నిచోట్ల నేరుగా ఫైర్ స్టేషన్‌కే. ఎండుమిర్చి నల్లబడే దాకా మాడ్చి, చిమ్నీ ఆన్ చేయకుండా, గాలి రావాలని మెట్ల వైపు తలుపు తీశారనుకోండి, నాలుగంతస్తుల వాళ్లు చెప్పుల్లేకుండా మంచులోకి దిగుతారు, పైగా ఉత్తుత్తి అలారానికి బిల్లు మీ ఇంటికి రావచ్చు. చేయాల్సిందల్లా నూనె తక్కువ వేడిలో ఉండగానే ఆవాలు వేయడం, చిమ్నీ ఫుల్ పెట్టడం, వీధి వైపు కిటికీ తెరవడం, మెట్ల వైపు తలుపు మాత్రం చచ్చినా తెరవకపోవడం. అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టే తెలివి కొందరు చూపిస్తుంటారు, అది మాత్రం వద్దు, ఇక్కడివి ఎక్కువగా చెక్క ఇళ్లు.

బట్టలు. హైదరాబాద్ మాల్‌లో ‘వింటర్ జాకెట్’ అని అమ్మేవాటి మీద ఒక్క రూపాయి పెట్టకండి. వచ్చేటప్పుడు ఒంటి మీద ఒక స్వెటరు, మామూలు జాకెట్ చాలు, అక్టోబర్ ఆఖరు తట్టుకోవచ్చు. ఇక్కడికి వచ్చాక వరసగా కొనండి: ఒంటికి అంటుకునే లోపలి జత ఉన్నిది (కాటన్ బనియన్ చెమట పీల్చుకుని ఐస్‌లా తగులుతుంది, అసలు వద్దు), మధ్యలో ఫ్లీస్, పైన గాలీ నీరూ దూరనిది. పిల్లలకు తల నుంచి కాలి దాకా ఒకే ముక్కగా ఉండే పార్క్‌డ్రెస్, వానకు రబ్బరు రెగ్న్‌డ్రెస్, రెండూ కావాలి. ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. ఇవి కొత్తవి కొంటే గుండె గుభేలుమంటుంది, ఎందుకంటే ఇక్కడి డబ్బు క్రోనా ఇప్పుడు తొమ్మిది రూపాయల దరిదాపుల్లో ఉంది. ఫిన్ అనే యాప్‌లో పాతవి వెతకండి. నార్వే పిల్లలు కూడా ఏడాదికో సైజు పెరుగుతారు కదా, బాగా డబ్బున్నవాళ్లే అందులో అమ్ముతారు, కొంటారు, దానికి ఎవరూ చిన్నబుచ్చుకోరు.

అన్నిటికన్నా ముందు బూట్లు. మడమ పైదాకా వచ్చేవి, లోపల ఉన్ని పొర ఉన్నవి, ఒక సైజు పెద్దవి కొనాలి. బిగుతుగా ఉంటే లోపల గాలి ఆడక వేళ్లు గడ్డకడతాయి. మందపాటి మేజోడు తొడుక్కుని వెళ్లి, తొడిగి, లోపల వేళ్లు ఆడించి చూసి మరీ తీసుకోండి. మంచు పడ్డ రోజు ప్రమాదం లేదు, అది కరిగి మళ్లీ గడ్డకట్టిన మర్నాడు పేవ్‌మెంట్ మొత్తం గాజు పరిచినట్టుంటుంది. బూటు అడుగున తగిలించుకునే ముళ్ల పట్టీలు (బ్రోడర్ అంటారు) సూపర్‌మార్కెట్లలో, మందుల షాపుల్లో కూడా దొరుకుతాయి, మొదటి వారమే ఒక జత కొనిపెట్టుకోండి. దాంతోపాటు చీకట్లో కారు లైట్లకు మెరిసే రిఫ్లెక్స్ పట్టీలు పిల్లల బ్యాగులకూ చేతులకూ తగిలించండి, బడికి వెళ్లేదే చీకట్లో.

బడి గురించి టెన్షన్ అక్కర్లేదు. మూడు నెలలకు మించి ఉండే పిల్లలకు ఇక్కడ బడి హక్కు, తప్పనిసరి కూడా, ఫీజు లేదు. ఆరేళ్లు నిండే సంవత్సరంలో ఒకటో తరగతి కాబట్టి మీ పాప రెండులో చేరుతుంది. భాష రాదని దిగులుపడకండి, కొత్తగా వచ్చిన పిల్లలకు విడిగా నార్వేజియన్ నేర్పే ఏర్పాటు ఉంటుంది, వేసవి వచ్చేసరికి మిమ్మల్నే సరిదిద్దుతుంది. బడి అయ్యాక ఉండే ఎస్‌ఎఫ్‌ఓలో (ఓస్లోలో ఏకేఎస్ అంటారు) తప్పకుండా వేయండి, స్నేహాలు కుదిరేది అక్కడే, మొదటి మూడు తరగతుల వాళ్లకు వారానికి 12 గంటలు ఉచితం కూడా. బాబుకు మాత్రం కొంచెం ఓపిక పట్టాలి. బార్నెహాగె, అంటే ప్లేస్కూలు, సీట్లకు పెద్ద ఎంపిక మార్చి 1 గడువుతో జరిగి పిల్లలు ఆగస్టులో చేరతారు. మధ్యలో వచ్చినవాళ్లకు ఖాళీ ఉంటేనే. అడ్రసు రిజిస్టర్ అవ్వగానే దరఖాస్తు పెట్టేయండి. ఫీజు చూస్తే ఆశ్చర్యపోతారు, 2025 ఆగస్టు నుంచి గరిష్ఠ ఫీజు నెలకు 1,200 క్రోనర్లే, భోజనం డబ్బు విడిగా. హైదరాబాద్ ప్లేస్కూళ్లను తలుచుకోండి ఒకసారి.

సీటు వచ్చేలోగా ‘ఓపెన్ బార్నెహాగె’ అని ఉంటాయి, తల్లిదండ్రులు తామే పిల్లలతో వెళ్లి కూర్చునేవి, చాలాచోట్ల రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. వాడు ఆడుకుంటాడు, మీకు నాలుగు మొహాలు పరిచయమవుతాయి. కొత్త దేశంలో ఇంట్లో ఉండే తల్లికి మొదటి చలికాలంలో నేను చెప్పే మందు ఇదొక్కటే. రోజుకొకసారి ఇల్లు కదలండి, వాన పడుతున్నా సరే. ఇక్కడి ప్లేస్కూళ్లలో సున్నాకు దిగువన కూడా పిల్లల్ని బయట ఆడిస్తారు, చిన్నవాళ్లను బండిలో దుప్పట్లు కప్పి ఆరుబయటే నిద్రపుచ్చుతారు. మొదటిసారి చూస్తే మన ప్రాణం కొట్టుకుంటుంది, పిల్లలు మాత్రం బుగ్గలెర్రగా నిద్ర లేస్తారు.

బడిలో వేడి భోజనం పెట్టరు. డబ్బాలో రెండు బ్రెడ్డు ముక్కలు, మీద చీజో లివర్ పేస్టో, దాన్నే మాట్‌పాక్కె అంటారు, దేశమంతా అదే మధ్యాహ్న భోజనం. మీరు థర్మోస్ డబ్బాలో పప్పన్నం, పెరుగన్నం పెట్టి పంపొచ్చు, ఎవరూ ఏమీ అనరు. పల్లీలు మాత్రం వద్దు, చాలా బార్నెహాగెల్లో, కొన్ని బడుల్లో అలర్జీ పిల్లల కోసం గింజలు, పల్లీలు నిషేధం, ఇడ్లీలోకి పల్లీ చట్నీ పెట్టేముందు టీచరును అడగండి. ఇక్కడి గోధుమరంగు చీజు బ్రూనొస్ట్ తినిపించి చూడండి, పాలకోవాలో చిటికెడు ఉప్పు వేసినట్టుంటుంది, పిల్లలు మరిగితే వదలరు. చాక్లెట్లు, జెల్లీల మీద మాత్రం ‘గెలాటిన్’ అన్న మాట ఉందేమో చూసుకోండి, అది జంతువుల నుంచి తీసేదే, అత్తయ్యగారు ఉన్నప్పుడు మరీను.

మీ అమ్మగారి భయం సంగతి. ఆవిడను తప్పుపట్టను, 2012 ప్రాంతంలో మన వార్తల్లో నార్వే అంటే పిల్లల్ని తీసుకుపోయిన ఆ వార్తొక్కటే. పిల్లల సంక్షేమ సంస్థ బార్నెవేర్నె నిజంగానే గట్టిది, కానీ చేత్తో అన్నం తినిపించారని, పక్కలో పడుకోబెట్టుకున్నారని పిల్లల్ని లాక్కుపోయే ముఠా కాదు. వాళ్ల పనిలో ఎక్కువ భాగం పిల్లలు ఇంట్లో ఉండగానే కుటుంబానికి సలహా, సహాయం అందించడం. ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. పిల్లల మీద చెయ్యి చేసుకోవడం ఇక్కడ నేరం, ఒక్క చెంపదెబ్బ, చెవి మెలేయడం కూడా, ‘మా పిల్లాడు, మా ఇష్టం’ అన్న మాట చెల్లదు. టీచర్లకూ డాక్టర్లకూ అనుమానం వస్తే తెలియజేయాల్సిన బాధ్యత చట్టమే పెట్టింది. కాబట్టి ‘వీపు విమానం మోత మోగిస్తా’ లాంటి ముద్దు బెదిరింపులు కూడా ఈ గడ్డ మీద మానేయండి, అత్తయ్యగారికీ విమానం దిగకముందే చెప్పండి, మీవారి చేతే చెప్పించండి. టీచరు పిలిస్తే ఇద్దరూ వెళ్లండి, అర్థం కాకపోతే దుబాసీ కావాలని అడగండి. ఆ మాట అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు, అర్థం కాకుండా తల ఊపడమే చిక్కు తెస్తుంది.

ఒంట్లో బాగోకపోతే నేరుగా పెద్దాసుపత్రికి పరిగెత్తడం ఇక్కడ కుదరదు. హెల్సెనోర్గె అనే ప్రభుత్వ ఆరోగ్య సైట్‌లో మీ పేర ఒక ఫ్యామిలీ డాక్టరును ఎంచుకోవాలి, ఏదున్నా ముందు ఆయన/ఆమె దగ్గరికే. రాత్రిపూట, సెలవుల్లో 116117కు ఫోన్ చేయాలి, ప్రాణం మీదికి వస్తే 113. పదహారేళ్ల లోపు పిల్లలకు డాక్టరు దగ్గర మీ వాటా కట్టక్కర్లేదు. జ్వరమంటే పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి అని పంపేస్తారు, యాంటీబయాటిక్ రాయలేదని కోపం తెచ్చుకోకండి. విటమిన్ డి మాత్రం అడిగి తెలుసుకోండి. ఇక్కడివాళ్లు చలికాలమంతా చేప నూనె తాగుతారు, మీకు మాత్రలున్నాయి.

ఇక చీకటి. ఓస్లోలో డిసెంబర్ మూడో వారంలో పొద్దున తొమ్మిది దాటాక తెల్లవారి మధ్యాహ్నం మూడుంబావుకే పొద్దు గుంకుతుంది. అందుకే ఆ నెలల్లో ఏం చేసినా పదకొండు నుంచి రెండు మధ్య బయట, మిగతాది లోపల. బయట అంటే సోన్స్‌వాన్ సరస్సు, మెట్రో 5 నంబరు ఆఖరి స్టేషన్, చుట్టూ బండి తోసుకుంటూ నడిచే చదును దారి. పిల్లలకు మంచు పడగానే 1 నంబరు మెట్రో ఎక్కి ఫ్రోగ్నెర్‌సేటెరెన్ పైకి వెళ్లండి, అక్కడ స్లెడ్జి అద్దెకిస్తారు, కోర్కెట్రెక్కెరెన్ అనే 2 కిలోమీటర్ల జారుడు దారి కిందకు మిడ్‌స్టూయెన్ స్టేషన్ దాకా, మళ్లీ మెట్రో ఎక్కితే పైకి. పాపను మీ ముందు కూర్చోబెట్టుకోండి, హెల్మెట్ పెట్టండి, మూడేళ్లవాడికి మాత్రం ఆ దారి వద్దు, ఇంటి పక్క దిబ్బ చాలు. స్లెడ్జి, స్కీలు కొనేముందు బూఆ అనే కేంద్రాలు వెతకండి, ఆట సామాను డబ్బు తీసుకోకుండా అరువిస్తారు, దేశమంతటా ఉన్నాయి. ఇది తెలియక వేలకు వేలు పోసి కొన్న కుటుంబాలు మనవాళ్లలో చాలా ఉన్నాయి.

లోపల కూర్చోవాలంటే డైక్‌మాన్ లైబ్రరీకి సాటి లేదు. 2020లో సెంట్రల్ స్టేషన్ పక్కనే తెరిచారు, పిల్లల అంతస్తు ఉంది, తెచ్చుకున్న తిండి తినొచ్చు, పైసా ఖర్చు లేదు. ఎదురుగా ఒపేరా హౌస్, దాని తెల్లరాతి కప్పు మీదికి నేల మీంచే నడుచుకుంటూ ఎక్కేయొచ్చు (ఐస్ ఉన్న రోజు వద్దు). నేషనల్ మ్యూజియంలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు టికెట్ లేదు. సిటీ హాల్ లోపలికి ఊరికే వెళ్లి చూడొచ్చు, ఏటా డిసెంబర్ 10న నోబెల్ శాంతి బహుమతి ఇచ్చేది అక్కడే, 2014లో మన కైలాష్ సత్యార్థి అందుకున్నదీ ఆ హాల్లోనే. బిగ్డోయ్ వైపు ఫ్రామ్ మ్యూజియం మాత్రం టికెట్ పెట్టి అయినా చూడండి, నార్వే సాహసయాత్రికుడు అమున్‌సెన్ 1911లో దక్షిణ ధ్రువం చేరడానికి వాడిన అసలు ఓడను లోపల పెట్టి చుట్టూ భవనం కట్టారు, పిల్లలు డెక్ మీద పరిగెత్తొచ్చు, లోపలి గదులన్నీ దూరి చూడొచ్చు. వైకింగ్ ఓడల మ్యూజియం కోసం వెతక్కండి, కొత్త భవనం కోసం మూసేశారు, 2027లో తెరుస్తామంటున్నారు. విగెలాన్ పార్కు ఎలాగూ అందరూ చెబుతారు, రెండు వందలకు పైగా శిల్పాలు, ఏ వేళైనా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. బస్సు, మెట్రో, ట్రామ్, దీవుల పడవలు అన్నిటికీ రూటర్ యాప్‌లో ఒకటే నెల టికెట్, ఆరేళ్ల లోపు పిల్లలు ఫ్రీ. టికెట్ లేకుండా ఒక్క స్టాపు కూడా ఎక్కొద్దు, జరిమానా కడితే ఆ నెల కూరగాయల డబ్బు పోయినట్టే.

గుడి సంగతి మీరడగలేదు గానీ అత్తయ్యగారు అడుగుతారు. ఓస్లోలోనే అమ్మెరూడ్‌లో శ్రీలంక తమిళుల సుబ్రహ్మణ్యస్వామి ఆలయం ఉంది, ఊరికి కాస్త దూరంగా స్లెమ్మెస్టాడ్‌లో సనాతన్ మందిర్ ఉంది.

డబ్బు గురించి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఆదివారం పెద్ద దుకాణాలన్నీ మూత, శనివారమే సరుకులు తెచ్చుకోండి. కివి, రెమా, ఎక్స్‌ట్రా ఈ మూడింట్లో ఏది దగ్గరైతే అది, వాటి సొంత చవక బ్రాండ్లు బాగానే ఉంటాయి. కుళాయి నీళ్లు తాగండి, సీసా నీళ్లు కొనడం దండగ. జ్యూసు, సోడా సీసాలు పారేయకండి, షాపులో మెషీన్‌లో వేస్తే చిన్నదానికి 2, పెద్దదానికి 3 క్రోనర్లు తిరిగొస్తాయి. ఆ డ్యూటీ పాపకివ్వండి, వచ్చిన చిల్లరతో ఐస్‌క్రీమ్. హోటల్ భోజనం పుట్టినరోజులకే. వసంతంలో మీ అపార్ట్‌మెంటు వాళ్లు అందరూ కలిసి ఆవరణ ఊడ్చే రోజు పెడతారు, డుగ్నాడ్ అని నోటీసు అంటిస్తారు, ఏం పని ఉన్నా మానుకుని వెళ్లండి. ఆర్నెల్లు లిఫ్టులో తల తిప్పుకున్న పక్కింటాయన చేతిలో పార ఉంటే గంటసేపు కబుర్లు చెబుతాడు.

ఉత్తరానికి ఎప్పుడంటే, మార్చి. అరోరా (రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు) సెప్టెంబర్ నుంచి మార్చి దాకా కనిపిస్తుంది, కానీ మార్చిలో ట్రోమ్సోలో పగలు కూడా చక్కగా వెలుతురుంటుంది, మంచు ఇంకా ఉంటుంది, పిల్లలు ఆడుకోవచ్చు. ఓస్లో బడుల చలికాలం సెలవులు ఏడాదిలో 8వ వారం, అంటే ఫిబ్రవరిలో, ఆ వారం టికెట్ల రేట్లు మండిపోతాయి. వీలైతే బడికి ముందుగా రాసి రెండు రోజులు సెలవు అడిగి మార్చి వారాంతంలో వెళ్లండి, అడక్కుండా ఎగ్గొట్టడం మాత్రం కుదరదు. అరోరాకు గ్యారంటీ ఇచ్చే దేవుడు లేడు, మేఘాలుంటే అంతే. అందుకని కనీసం మూడు రాత్రులు ఉండేలా వెళ్లండి, పగలు కేబుల్ కారు, ఆర్కిటిక్ కథీడ్రల్, మంచులో ఆటలు ఉన్నాయి కాబట్టి ఆకాశం కరుణించకపోయినా ప్రయాణం వృథా కాదు. లోఫోటెన్ జూన్‌కో ఆగస్టుకో వదిలేయండి, కుదరకపోతే లేదు, అన్నీ చూసి తీరాలన్న పట్టుదల పిల్లలున్న ఇంట్లో పనికిరాదు. ట్రోల్‌టుంగా కూడా లిస్టులో ఉంటే కొట్టేయండి, రానుపోను దాదాపు 27 కిలోమీటర్ల కొండ నడక అది. ప్రైకెస్టోలెన్ అనే కొండ బండ 604 మీటర్ల ఎత్తు, అంచున కటకటాలు లేవు, మీ మూడేళ్లవాణ్ని అక్కడ పట్టుకోవడం కన్నా ఫొటోలో చూడటం సుఖం.

అత్తయ్యగారిని మే 17కు ముందే రప్పించండి. 1814లో ఆ రోజున రాజ్యాంగం వచ్చింది, వీళ్ల పెద్ద పండుగ. సైన్యం కవాతు కాదు, బడిపిల్లల ఊరేగింపు. ఓస్లోలో బడులన్నీ బ్యాండుతో రాజభవనం ముందు నుంచి వెళ్తాయి, రాజకుటుంబం బాల్కనీలో నిలబడి చేతులూపుతుంది, మీ పాప కూడా తన బడి జెండా వెనక నడవొచ్చు. అందరూ వాళ్ల ఊరి సంప్రదాయ దుస్తులు వేసుకుంటారు, మీరూ అత్తయ్యగారూ పట్టుచీరలు కట్టుకోండి, పాపకు పరికిణీ.

ఇక ఆవిడతో ఒకే ఒక్క పెద్ద ప్రయాణం, జూన్ మొదట్లో, బడి సెలవులు మొదలవకముందు వారాంతం కలుపుకుని. మీవారు కారు అద్దెకు తీసుకుంటానంటారేమో, ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డాక మూడు నెలలే చెల్లుతుంది, అప్పటికి ఆయన గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. రైలే మంచిది, మోకాళ్ల నొప్పులవాళ్లకు కూడా. ఓస్లో నుంచి బెర్గెన్ రైలెక్కి మిర్దాల్‌లో దిగాలి. దారిలో ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తు, జూన్‌లో కూడా కిటికీ పక్కన మంచు కనిపిస్తుంది. పిల్లలకు ఆట గది ఉండే ఫ్యామిలీ పెట్టె అడిగి బుక్ చేయండి. మిర్దాల్ నుంచి ఫ్లోమ్ రైలు, 20 కిలోమీటర్లలో 866 మీటర్లు కిందకు దిగుతుంది, ఒక జలపాతం ముందు ఆపుతారు కూడా. ఫ్లోమ్‌లో రాత్రి ఉండండి. ఒక్కరోజులో అన్నీ చుట్టేసే ప్యాకేజీ ఉంది, పెద్దావిడతో, మూడేళ్లవాడితో అది శిక్ష. మర్నాడు నేరోయ్ ఫియోర్డ్ మీద గుడ్‌వాంగెన్‌కు రెండు గంటల పడవ, 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న చోటు, కొన్నిచోట్ల రెండు వైపులా కొండ గోడలు చేయి చాస్తే అందుతాయేమో అనిపిస్తుంది. ఆవిడ కూర్చున్న చోటు నుంచి కదలకుండానే అంతా చూడొచ్చు. అక్కడి నుంచి బస్సులో వోస్, రైల్లో బెర్గెన్. అక్కడ బ్రిగ్గెన్ రేవు చెక్క ఇళ్లు, కొండ మీదికి ఫ్లోయెన్ రైలు, రెండూ నడక తక్కువే. గొడుగులు కాదు, వాన కోట్లు తీసుకెళ్లండి. ప్యాకేజీ ధర ఒకటి, టికెట్లు విడివిడిగా తీస్తే ఎంతవుతుందో ఇంకొకటి, రెండూ లెక్కేసి చూడండి, రైలు టికెట్లు ఎంత ముందు తీస్తే అంత చవక.

దారిలో ఆవిడ తిండికి హోటళ్లను నమ్ముకుంటే చిప్సే గతి. క్యాంపింగ్ స్థలాల్లో చిన్న చిన్న చెక్క గదులు అద్దెకిస్తారు, స్టవ్వు ఉంటుంది, దుప్పట్లు, పక్క గుడ్డలు మనవే తీసుకెళ్లాలి. యూత్ హాస్టళ్లలో కూడా వంటగది ఉంటుంది, పేరు చూసి కుర్రవాళ్లకే అనుకోకండి, కుటుంబాలకు గదులిస్తారు. చిన్న కుక్కర్, పెసరపప్పు, బియ్యం, ఆవకాయ సీసా బ్యాగులో పడేస్తే మూడు రోజులు గడిచిపోతాయి. పెరుగు అన్ని షాపుల్లో ఉంటుంది, ‘నాతురెల్’ అని రాసి ఉన్నది తీసుకోండి, తీపిది కాదు.

ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్దామని మీవారు మధ్యలో అంటే ఒక్క మాట, అది నార్వేదే అయినా షెంగెన్ (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలు) పరిధిలో లేదు, అత్తయ్యగారిది సింగిల్ ఎంట్రీ వీసా అయితే అక్కడికి వెళ్లి తిరిగి ఓస్లోలో దిగడానికి వీల్లేదు.

ఆవిడ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, కాబట్టి సంక్రాంతి అవగానే ఫైలు కదిలించండి, వేసవి దగ్గరపడితే అపాయింట్‌మెంట్లు దొరకవు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి, ఉన్న జబ్బులకు కూడా వర్తించేది చూసి తీసుకోండి, ఇక్కడి ప్రభుత్వ వైద్యం చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు రాదు. మోకాళ్లకు ఆవిడ వాడే మందులు రెండు నెలలకు సరిపడా, చీటీ ఇంగ్లీషులో రాయించి పంపమనండి. ఇక్కడికి వచ్చాక బాబుకు బార్నెహాగె సీటు సంగతి ఏమైందో మళ్లీ రాయండి, ఏ పేటలో ఉంటున్నారో చెబితే దగ్గరలో ఓపెన్ బార్నెహాగె ఏదో చూసి చెబుతాను.